గాజు గొట్టం, చంక తడి, ఆంబూ బ్యాగు

కొత్త గాజు గొట్టం ఒకటి, రోగి రక్తం రెండు మిల్లీలీటర్లు, గోడ గడియారం. పాము కాటు కేసులో ఈ మూడింటితో చేసే పరీక్షను మించినది నేనింతవరకూ చూడలేదు. రక్తాన్ని గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా పెడతారు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టి ఉంటే ప్రస్తుతానికి ఊపిరి పీల్చుకోవచ్చు. నీళ్లలా జారిందా, కరిచింది పింజరి జాతి, విషం రక్తంలో కలిసింది, పాము మందు వెంటనే ఎక్కించాలి. పెద్ద ల్యాబు అక్కర్లేదు, కానీ చేసే చెయ్యి తెలిసినదై ఉండాలి. ప్లాస్టిక్ గొట్టమైతే పరీక్ష తప్పుతుంది. సబ్బుతో కడిగిన గాజైనా తప్పుతుంది. ఆత్రం ఆపుకోలేక మధ్యలో ఊపి చూసినా తప్పుతుంది. కోనసీమలో ఒక క్యాజువాలిటీలో ఆ గొట్టాల పెట్టెకు తాళం వేసుకుని, తాళంచెవి నడుముకు దోపుకున్న స్టాఫ్ నర్సమ్మను చూశాను. ఆవిడకు నా నమస్కారం.

అత్యవసర వైద్యం అనగానే హైదరాబాదు అద్దాల మేడలు గుర్తొస్తాయి మనకి. ఆ విద్య అసలు రుచి తెలియాలంటే అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు రావాలంటాను. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య వరి చేలు, కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు. కొబ్బరి డొక్కల గుట్టల్లో ఎలకలు, వాటి వెనకే పాములు. ఇంటి వసారాలోనే పురుగుమందు డబ్బా. చెట్టు మీద నుంచి జారే దింపు కార్మికుడు, చెరువు గట్టున ఏరేటర్ కరెంటు తగిలే కుర్రాడు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి ఊరు ఊరే కాలింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచినప్పుడు మన లంకల్లో పడవే అంబులెన్సు. ఇన్ని రకాల ఆపదలు ఇంత చిన్న సీమలో వచ్చిపడే చోటు మరొకటి చెప్పండి.

మన దేశంలో పాముల మీద శాస్త్రీయ పరిశోధనకు మన తీరమే పుట్టిల్లు అంటే అతిశయోక్తి కాదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉంటూ పాములు పట్టించి, కోళ్ల మీద, కుక్కల మీద విషం ఎలా పనిచేస్తుందో చూసి, 1796లో పుస్తకం వేశాడు. అందులో మన రక్తపింజరి ‘కాటుకరేకుల పొడ’ అన్న తెలుగు పేరుతోనే ఉంది. తర్వాత ఆ పాముకు ఆయన పేరే స్థిరపడింది. గుర్రాలకు విషం కొద్దికొద్దిగా ఎక్కించి వాటి రక్తం నుంచి విరుగుడు తీసే పద్ధతి ఆ తర్వాత వందేళ్లకు, 1890లలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కాల్మెట్‌తో వచ్చింది. చరిత్ర ఈ మాత్రం చాలు. చేతిపని దగ్గరికి వద్దాం.

కట్లపాము కేసు పట్టడమే ఒక కళ. రాత్రి నేల మీద పడుకున్న మనిషిని కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లవారి కడుపునొప్పి అంటూ వస్తాడు. తెలియని డాక్టరు గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తాడు. తెలిసినవాడు మాత్రం కళ్లలోకి చూస్తాడు. రెప్పలు సగం వాలి ఉన్నాయా? ‘పైకి చూడు బాబూ’ అంటే కనుగుడ్డు కదిలినా రెప్ప లేవడం లేదా? వెంటనే అడుగుతాడు: ‘రాత్రి కింద పడుకున్నావా?’ ఆ ఒక్క ప్రశ్న ఎన్ని ప్రాణాలు నిలిపిందో! ఇంకాసేపటికి మెడ వాలుతుంది, మింగుడు పడదు, ఊపిరి ఆగుతుంది. కళ్లు తెరవడు, చెయ్యి కదపడు, కంటిపాప వెలుగుకి ముడుచుకోదు. పోయాడనుకుని ఇంటివాళ్లు ఏడుపు అందుకుంటారు. కానీ ఆ మనిషి అంతా వింటూనే ఉంటాడు. ఊపిరి మనం అందిస్తూ ఉంటే రోజుల తర్వాతైనా లేచి కూర్చుంటాడు. అది తెలిసిన సిస్టరమ్మ అతని చెవి దగ్గర వంగి, ‘భయపడకు నాయనా, మేమిక్కడే ఉన్నాం’ అని చెబుతూ, చేత్తో గాలి అందించే ఆంబూ బ్యాగు నొక్కుతుంది. వెంటిలేటరు దొరికేదాకా, అంబులెన్సు కాకినాడ చేరేదాకా, వేళ్లు తిమ్మిరెక్కినా లయ తప్పకుండా నొక్కుతుంది.

ఈ పనికి గొప్ప వంశమే ఉంది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతులో గొట్టం పెట్టి చేత్తో గాలి కొట్టించాడు. దాదాపు పదిహేను వందల మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా నెలల తరబడి ఆ పని చేశారు. నేటి ఇంటెన్సివ్ కేర్ అంతా అక్కడ మొలిచిందే. దానంతటదే ఉబ్బే ఆంబూ బ్యాగు 1956లో అదే దేశంలో వచ్చింది. పి.గన్నవరం అక్విడెక్టు దాటుతున్న 108 బండిలో బ్యాగు నొక్కే మన టెక్నీషియన్ ఆ విద్యార్థులకు ఏమాత్రం తీసిపోడు.

ఇక పురుగుమందు కేసు. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, సూదిమొనంత కంటిపాపలు, ఛాతీ నిండా నీరు. విరుగుడు అట్రోపిన్. ఒక ఆంపూల్‌లో 0.6 మిల్లీగ్రాములే ఉంటుంది. మొదట మూడు ఆంపూళ్లు ఇచ్చి, ఐదు నిమిషాలు చూసి, తగ్గకపోతే ఆరు, ఆ తర్వాత పన్నెండు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోవాలి. ఎక్కడ ఆపాలో చెప్పేది స్టెతస్కోపు, చంక. అవును, చంకే. నర్సు చంకలో చెయ్యి పెట్టి చూసి, ‘ఇంకా తడిగానే ఉందండీ’ అంటే మరో మోతాదు. చంక ఆరి, ఛాతీలో గురగుర తగ్గి, నాడి ఎనభై దాటితే దారిన పడ్డట్టు. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో 156 మంది మీద పరీక్షించి 2012లో ప్రచురించారు. పాత పద్ధతిలో నూటికి 22 మందికి పైగా పోతే, ఇలా రెట్టింపు చేసుకుంటూ ఇచ్చినవారిలో ఎనిమిది మందే పోయారు. ఖరీదైన మందు లేదు, కొత్త యంత్రం లేదు. పక్కన నిలబడి చూసే మనిషి ఉండటమే ఆ తేడా.

పాము మందు ఎక్కించడమూ అంతే. పెద్దవాళ్లకైనా పసివాళ్లకైనా మోతాదు ఒకటే, ఎందుకంటే పాము పిల్లాణ్ణి చూసి విషం తగ్గించి కక్కదు. మొదట పది వయల్స్ దాకా పెడతారు. ఆ మందే ఒక్కోసారి ఒంటికి పడక దద్దుర్లు లేచి బీపీ పడిపోతుంది. అందుకే మంచి నర్సు డ్రిప్పు విప్పకముందే అడ్రినలిన్ సిరంజిలో ఎక్కించి పక్కన పెట్టుకుంటుంది.

ఇంత నిండైన విద్యను చేతులారా పోగొట్టుకుంటున్నాం. పసర్లు పోసేవాడు, కాటు మీద బ్లేడుతో కోసేవాడు, రక్తం ఆగేలా తాడు బిగించేవాడు ఎప్పుడూ ఉన్నారు. 2018 ఆగస్టులో దివిసీమలో పాము కాట్లు పెరిగితే మోపిదేవిలో సర్పశాంతి యాగం చేయించిన ప్రభుత్వం మనది. వాటికన్నా నన్ను మండించేది ‘24 గంటల ఎమర్జెన్సీ’ అని నియాన్ బోర్డు పెట్టి, లోపల ఒక్క అట్రోపిన్ ఆంపూల్ లేని వ్యాపారం. మా బంధువుల కుర్రాణ్ణి పాము కరిస్తే అలాంటి చోటికే తీసుకెళ్లారు. సెలైన్ పెట్టి, బిల్లు వేసి, ‘కాకినాడ తీసుకెళ్లిపోండి’ అని చీటీ రాసిచ్చారు. గాజు గొట్టం లేదు, పాము మందు లేదు. పిల్లాడు బతికాడు, కానీ పోయిన గంటన్నరకు మూత్రపిండాలు లెక్క చెల్లించాయి. చీటీ రాయడం వైద్యం కాదు. మొదటి మోతాదు ఇచ్చి, ఊపిరి నిలిపి, ఆ తర్వాత పంపడం వైద్యం.

పైనున్నవాళ్లకూ ఈ విద్య విలువ తెలియలేదు. అత్యవసర వైద్యానికి ఎండీ కోర్సు గుర్తింపు 2009లో గానీ రాలేదు. మెడికల్ కాలేజీల్లో ఆ విభాగం తప్పనిసరి అని 2020లో నిబంధన పెట్టి, 2023 నిబంధనల్లో ఆ జాబితాలోంచి తీసేశారు. 2005 ఆగస్టు 15న అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే 108 పుట్టింది. దాని టెక్నీషియన్లకు స్టాన్‌ఫర్డ్ వైద్యులు వచ్చి పాఠాలు చెప్పారు, వాళ్ల పని మీద అంతర్జాతీయ పత్రికల్లో పరిశోధనలు వచ్చాయి. అలాంటి గడ్డ మీద ఈ చిన్నచూపా?

2000 నుంచి 2019 వరకు దేశంలో పాము కాటుతో 12 లక్షల మంది పోయారని లెక్కగట్టారు. ఎక్కువ మంది పోయిన రాష్ట్రాల్లో మనదీ ఉంది. 2030 నాటికి మరణాలు సగం చేస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. అదెలా జరగాలి? పాము మందుకి వాడే విషం చాలావరకు తమిళనాడులో పాములు పట్టే ఇరులర్ల సహకార సంఘం నుంచి వస్తుంది. ప్రాంతాన్ని బట్టి పాము విషం మారుతుందని శాస్త్రజ్ఞులు చెబుతూనే ఉన్నారు. మన గోదావరి గట్ల రక్తపింజరికి ఆ మందు ఎంత సరిపోతుందో తేల్చాల్సింది మనమే కదా. అమలాపురంలో కిమ్స్ మెడికల్ కాలేజీ ఉంది, కాకినాడలో 1958 నుంచి రంగరాయ మెడికల్ కాలేజీ ఉంది. క్యాజువాలిటీ రిజిస్టర్లలో ఎన్నో ఏళ్ల కేసులు మూలుగుతున్నాయి. వాటిని తీసి, ఎన్ని వయల్స్ పట్టాయో, ఎవరి మూత్రపిండాలు దెబ్బతిన్నాయో, ఎవరు ఎంత ఆలస్యంగా వచ్చారో రాయండి. పాత నర్సులు రిటైరయ్యేలోపు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల చేతిపని కుర్ర డాక్టర్లకు నేర్పించండి.

చదివేవారికి ఒక మాట. పాము కరిస్తే కోయకండి, తాడు బిగించకండి, పాముని వెతుకుతూ కూర్చోకండి. ఉంగరాలు, మెట్టెలు, మొలతాడు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా పట్టుకుని, 108కి ఫోన్ చేసి దగ్గర్లోని సర్కారు ఆస్పత్రికి పదండి. అక్కడ పాము మందు ఉందో లేదో ఈ వర్షాకాలం రాకముందే వెళ్లి అడగండి. లేదంటే తెప్పించేదాకా వదలకండి.