వడ్రంగి కొట్టం కూడా తరగతే

ఇంటర్ ఫలితాలు వచ్చాక ప్రతి ఏడూ నాకు కొన్ని ఫోన్లు వస్తాయి. తెనాలి నుంచో, బాపట్ల నుంచో ఎవరో ఒక తండ్రి. "మా అమ్మాయి డిజైన్ చదువుతానంటోందండీ. కుర్చీలూ బల్లలూ చేయడానికి నాలుగేళ్ల డిగ్రీ ఎందుకండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. మన కృష్ణా డెల్టాలో చదువంటే ఇంజనీరింగు, మెడిసిన్, అగ్రికల్చర్. కుర్చీ అంటే వడ్రంగి పని. ఈ రెండింటికీ మధ్య మరో చదువు ఉందని మనకు గట్టిగా చెప్పినవాళ్లు లేరు. ప్రోడక్ట్ డిజైన్, ఫర్నిచర్ డిజైన్ చదివి దాని మీదే బతుకుతున్నదాన్ని కాబట్టి ఆ తండ్రులందరికీ కలిపి ఈ వారం జవాబు రాస్తున్నాను.

మన దేశంలో ఈ చదువు మొదలైన తీరులోనే సగం జవాబుంది. 1958లో భారత ప్రభుత్వం పిలుపు మీద చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా డిజైనర్ దంపతులు మన దేశమంతా తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. ఇక్కడ చూసిన వస్తువులన్నిటిలో వాళ్లు ఎక్కువగా మెచ్చుకున్నది మన చెంబును. అలాంటి చెంబును ఈ రోజు కొత్తగా రూపొందించాలంటే ఏమేం ఆలోచించాలో వరసగా రాశారు. ఎన్ని నీళ్లు పట్టాలి? మోసే చెయ్యి ఎంతది, ఆడవాళ్లదా, మగవాళ్లదా? నెత్తిన పెట్టుకుంటారా, చంకనా? నిండుగా ఉన్నప్పుడు బరువు ఎక్కడ నిలుస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడ? లోపల తోమడానికి వీలుందా? వేడి నీళ్లు పోస్తే పట్టుకోగలమా? పాతబడ్డాక ఆ లోహానికి ఎంత వస్తుంది? ఈ నివేదిక పునాదిగా 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, మనం ఎన్ఐడీ అని పిలుచుకునే సంస్థ, మొదలైంది.

డిజైన్ చదువంటే ఆ ప్రశ్నల వరసే. బొమ్మ వేయడం అందులో ఒక పనిముట్టు మాత్రమే. వస్తువును ఎవరు వాడతారు, ఎక్కడ వాడతారు, ఎలా పాడవుతుంది, ఎవరు బాగుచేస్తారు అని ఓపికగా అడగడం, దొరికిన జవాబును చేత్తో చేసి చూడడం, కుదరకపోతే మళ్లీ చేయడం. నాలుగేళ్లు పట్టేది దీనికే.

ఈ చదువు కోసం ఒకప్పుడు అహ్మదాబాద్ దాకా పోవాల్సి వచ్చేది. 2015లో ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ మన పక్కనే, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ప్రాంగణంలో తాత్కాలికంగా తరగతులు మొదలుపెట్టింది. అమరావతిలోని శాఖమూరును సొంత ప్రాంగణానికి ఎంచుకున్నారు. 2019 చట్ట సవరణతో దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా వచ్చింది. అక్కడ బ్యాచిలర్ ఆఫ్ డిజైన్ నాలుగేళ్లు. మొదటి ఏడు అందరికీ ఉమ్మడి పునాది. ఆ తర్వాత ఇండస్ట్రియల్ డిజైన్, కమ్యూనికేషన్ డిజైన్, టెక్స్‌టైల్ అండ్ అపారెల్ డిజైన్ అని మూడు దారులు. కుర్చీ, మిక్సీ, ఆటబొమ్మ, ఆసుపత్రి మంచం లాంటివి ఇండస్ట్రియల్ డిజైన్ కిందికి వస్తాయి. ప్రవేశ పరీక్షకు రెండు అంచెలు. రెండో అంచెలో స్టూడియో టెస్టు ఉంటుంది. చేతికి కొంత సామగ్రి ఇచ్చి ఏదైనా చేసి చూపించమంటారు. ఏ కోచింగు సెంటరూ పూర్తిగా నేర్పలేని పరీక్ష అది. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఏదో ఒకటి విప్పుతూ బిగిస్తూ పెరిగిన పిల్లలకు కాస్త సులువు.

ఇక కలప దగ్గరికి వస్తాను. ఫర్నిచర్ చదివేవాళ్లకు మొదటి గురువు అదే.

తెనాలి పాత వీధుల్లో పెంకుటిళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. వాటి తలుపును దగ్గరగా చూడండి. నాలుగు వైపులా మందపాటి చట్రం, మధ్యలో పలకలు. పలక అంచులు చట్రంలో తీసిన గాడిలోకి దూరి ఉంటాయి. అక్కడ మేకు ఉండదు, జిగురు ఉండదు. పలకను అటూ ఇటూ నొక్కితే వెంట్రుకవాసి కదులుతుంది. తెలియనివాళ్లు దాన్ని పనిలో లోపం అనుకుంటారు. నిజానికి ఆ కదలికే తలుపును బతికించేది. కలప తేమ పీల్చుకున్నప్పుడు పొడుగు వైపు దాదాపు పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. ఎండాకాలంలో మళ్లీ కుంచించుకుపోతుంది. చుట్టూ కాలవలు, ఆ పైన వర్షాకాలం. మన డెల్టాలో గాలిలో తేమ ఏడాది పొడుగునా మారుతూనే ఉంటుంది. గాడిలో ఖాళీ వదిలితే పలక ఉబ్బడానికి, కుంచించుకోవడానికి చోటు దొరుకుతుంది. నలువైపులా బిగిస్తే ఏదో ఒక వేసవిలో నిలువునా చీలుతుంది.

ఈ పాఠం నాకు కాలేజీలో ఒక పట్టికగా వచ్చింది. ఏ కలప ఎంత తేమకు ఎంత శాతం వ్యాకోచిస్తుందో అందులో ఉంటుంది. అదే పాఠాన్ని తెనాలిలో ఒక వడ్రంగి మేస్త్రి నాకు రెండు ముక్కల్లో చెప్పాడు. "బిగిస్తే పగులుద్దమ్మా. వదిలేస్తే మనవలు కూడా వాడుకుంటారు." రెండూ నిజమే, రెండూ కావాలి. మేస్త్రికి తెలిసింది ఆయన ఎరిగిన టేకుకు, వేపకు సరిపోతుంది. పట్టిక ఉంటే రేపు దిగుమతి అయ్యే కొత్త కలపకు కూడా లెక్క వేయవచ్చు. కానీ చేత్తో గాడి తీయని విద్యార్థికి ఆ పట్టిక అంకెలుగానే మిగిలిపోతుంది. ఉలి పట్టుకున్నాకే ఆ అంకెలకు అర్థం వస్తుంది.

నేను మాట పెంచి చెప్పడం లేదు. జార్జ్ నకషిమా కథ వినండి. జపాన్ మూలాలున్న అమెరికన్ ఆయన. ఎంఐటీలో ఆర్కిటెక్చర్ చదివాడు. 1930లలో పుదుచ్చేరికి వచ్చి అరవిందాశ్రమం వారి గోల్కొండ్ భవన నిర్మాణంలో పనిచేశాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్న ఎంతోమందితో పాటు ఆయన కుటుంబాన్నీ నిర్బంధ శిబిరానికి పంపింది. ఆ శిబిరంలో గెంటారో హికొగావా అనే వడ్రంగి కలిశాడు. జపాన్ పద్ధతిలో చెక్కను చెక్కతోనే కలపడం, పనిముట్లకు పదును పెట్టడం నకషిమా ఆయన దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత ప్రపంచం మెచ్చిన ఫర్నిచర్ చేశాడు. 1964లో అహ్మదాబాద్ వచ్చి ఎన్ఐడీ వర్క్‌షాపులోనూ పనిచేశాడు. ఎంఐటీ పట్టా ఉన్న మనిషి, ముళ్లకంచె వెనుక, ఒక వడ్రంగి పక్కన కూర్చుని చదువు పూర్తి చేసుకున్నాడు. మన పిల్లలకు అంత కష్టం అక్కర్లేదు. వడ్రంగి కొట్టం వాళ్ల వీధి చివరే ఉంది.

యూనివర్సిటీ అవసరం లేదని నా మాటకు అర్థం కాదు. వీధి చివర దొరకనిది యూనివర్సిటీలో ఉంది. కుర్చీనే తీసుకుందాం. మన షాపుల్లో దొరికే డైనింగ్ కుర్చీలు మామూలుగా 18 అంగుళాల ఎత్తులో ఉంటాయి. పొట్టిగా ఉండే అమ్మలూ అమ్మమ్మలూ వాటి మీద కూర్చుంటే మడమలు నేలకు ఆనవు. కుర్చీ అంచు తొడ వెనుక ఒత్తుతుంది, కాసేపటికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. వాళ్లు ముందుకు జరిగి అంచు మీద కూర్చుంటారు, అప్పుడు వీపుకు ఆనుడు పోతుంది. మేస్త్రి తనకు అలవాటైన కొలతతోనే చేస్తాడు, ఆ కొలత ఎక్కడి నుంచో వచ్చింది. దేబ్‌కుమార్ చక్రవర్తి భారతీయుల శరీర కొలతల మీద కూర్చిన పుస్తకాన్ని 1997లో ఎన్ఐడీ ప్రచురించింది. మోకాలి వెనుక నుంచి మడమ దాకా ఎంత, మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంటుంది, పిడికిలి ఎంత వెడల్పు లాంటివన్నీ అందులో ఉంటాయి. డిజైన్ విద్యార్థి ఆ పుస్తకం తెరిచి, ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టి టేపుతో కొలిచి, సీటును రెండు అంగుళాలు దించితే ఒక అమ్మమ్మ మోకాళ్లకు సుఖం. దాని కోసం నాలుగేళ్లు చదవొచ్చని నేను నమ్ముతాను.

ఫర్నిచర్ ఒక్కటే ఈ చదువు కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె, మన ఈ మూడు ఊళ్లూ మూడు రకాల పాఠశాలలు. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర సూర్య శిల్పశాలలో పాత నట్లు, బోల్టులు, ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. ఒక చెంప వంపు తేవాలంటే ఏ సైజు నట్లు ఎంత దగ్గరగా అతకాలో తేల్చుకోవాలి. పదార్థం ఒప్పుకునేంతవరకే రూపం అన్నది వాళ్ల పని చూస్తే అర్థమవుతుంది. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల కూడా ఉంది. కలుపు తీసే పనిముట్టు పిడి ఎత్తు, బరువు ఆడకూలీకి సరిపోయాయా అన్న ప్రశ్న అక్కడి పొలాల్లోనే పుడుతుంది. సూర్యలంక తీరానికి పోతే ఉప్పుగాలి ఇనుప మరను ఎంత త్వరగా తినేస్తుందో కళ్లారా చూడవచ్చు.

రేపల్లె సంగతి కాస్త వివరంగా చెప్తాను. అక్కడి నుంచి నిజాంపట్నం వైపు వెళ్తే రొయ్యల చెరువులు. ప్రతి చెరువులో చెక్ ట్రేలు ఉంటాయి. ఒక చట్రానికి సన్నని వల బిగించి, మూలలకు తాళ్లు కట్టి, అన్నీ పైన ఒకే ముడిలో కలుపుతారు. అందులో కొలిచిన మేత వేసి నీళ్లలోకి దించుతారు. కాసేపటికి పైకి లాగి రొయ్య ఎంత తింది, ఎంత మిగిల్చింది చూస్తారు. మేత ఎక్కువైతే డబ్బు నీళ్లపాలు, పైగా అడుగున కుళ్లి చెరువు పాడవుతుంది. తక్కువైతే రొయ్య ఎదగదు. రైతు లాభనష్టాలు ఆ చిన్న పళ్లెం చెప్పే కబురు మీద ఆధారపడి ఉంటాయి. అలాంటి వస్తువును ఏ డిజైన్ పుస్తకంలోనూ నేను చూడలేదు.

ఒక విద్యార్థినిని అక్కడికి తీసుకెళ్లాను. ఆ అమ్మాయి ట్రే ఆకారం మార్చాలని కాగితం మీద రకరకాల గీతలు గీసుకుని వచ్చింది. చెరువు మీద పనిచేసే పెద్దాయన అవన్నీ శ్రద్ధగా చూశాడు. తర్వాత తన అరచెయ్యి చాపాడు. వేళ్ల మడతల్లో తాడు కోసిన గీతలు. "ముందు తాడు సంగతి చూడమ్మాయ్. ట్రే సంగతి తర్వాత" అన్నాడు. తడిసిన సన్నని నైలాన్ తాడును రోజుకు ఎన్నోసార్లు లాగాలి. దించేటప్పుడు ఒక పక్క ఒరిగితే మేత జారిపోతుంది. ఆ అమ్మాయి గీతలు పక్కన పెట్టి, ఆయన పక్కన కూర్చుని, తాడు పట్టుకునే చోట పిడి ఎంత లావు ఉండాలో వెదురుముక్కలు కట్టి చూడడం మొదలుపెట్టింది. డిజైనర్ పని అక్కడ మొదలైంది. వాడే మనిషి చెయ్యి చూశాక గీసిన గీతకే బలం.

ఇలా పనిచేసే చేతులను చూసి నేర్చుకోవడం కొత్త కాదు. ఎం.పి. రంజన్ అనే ఎన్ఐడీ అధ్యాపకుడు తన సహచరులతో ఈశాన్య రాష్ట్రాల పల్లెల్లో వెదురు, పేము పనులను పరిశీలించి, 1986లో పెద్ద పుస్తకం తెచ్చారు. బుట్ట అడుగు ఎలా మొదలవుతుంది, అంచు ఎలా ముగుస్తుంది అన్నంత వివరం అందులో ఉంది. మన తీరం పొడుగునా తాడి చెట్లున్నాయి, సరుగుడు తోటలున్నాయి. తాటి దూలం ఇళ్ల కప్పులను మోసింది. ఆ కలపల మీద, వాటితో పనిచేసిన చేతుల మీద అంత శ్రద్ధగా రాసిన పుస్తకం తెలుగులో రావాలి. దాన్ని రాయగలిగేది డిజైన్ చదివిన మన పిల్లలే.

అడ్డంకులు ఉన్నాయి. ఫీజులు తక్కువేమీ కావు. చదువంతా ఇంగ్లీషులో సాగుతుంది. అందరికంటే ముందు ఈ చదువుకు రావాల్సిన పిల్లలు వడ్రంగి, కమ్మరి, కుమ్మరి ఇళ్లలో ఉన్నారు. ఈ కోర్సు ఉందన్న కబురే వాళ్లకు చేరడం లేదు. ఆ తండ్రులు రెడీమేడ్ ఫర్నిచర్ దెబ్బకు పని తగ్గి, కొడుకుకు ఈ కష్టం వద్దనుకుంటున్నారు. ఉలి పట్టడం ఇంట్లోనే నేర్చుకున్న కుర్రాడు వేరే ఏదో కోర్సులో చేరిపోతున్నాడు. ఈ పని చేసేవాళ్లను తక్కువగా చూసిన సమాజం ఇన్నాళ్లకు వాళ్ల విద్యకు డిగ్రీ ఇస్తోంది. ఆ డిగ్రీలో మొదటి వాటా వాళ్ల పిల్లలది కావాలి.

అందుకే నాకు తోచినవి చెప్తాను. డిజైన్ కళాశాలలు ఈ చుట్టుపక్కల మేస్త్రులను గౌరవ వేతనం ఇచ్చి బోధకులుగా పిలవాలి. చదువు చివర చేసే ప్రాజెక్టుల్లో కొన్నయినా ఈ ఊళ్లలో, తెలుగులో మాట్లాడే మనుషుల మధ్య జరగాలి. బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులూ శాఖమూరు డిజైన్ విద్యార్థులూ ఒకే పొలంలో కలిసి పనిచేసే వీలు కల్పించాలి. హైస్కూలు మాస్టార్లు వృత్తిపని ఇళ్ల పిల్లలకు ఈ ప్రవేశ పరీక్ష గురించి తొమ్మిదో తరగతిలోనే చెప్పాలి.

నాకు ఫోన్ చేసే నాన్నలకు ఒక మాట. మీ అమ్మాయికి ఈ చదువు మీద నిజంగా ఇష్టముందో లేదో తెలుసుకోవాలంటే ఈ వేసవిలో కోచింగు కన్నా ముందు ఆమెను మీ వీధి వడ్రంగి మేస్త్రి దగ్గరికి పంపండి. ఆయన రోజు కూలి చెడకుండా డబ్బిచ్చి మరీ పంపండి. ఒక పీట చేయమనండి. చెయ్యి బొబ్బలెక్కాక కూడా మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్తానంటే, అప్పులు లెక్కేసుకుని అయినా సరే చేర్పించండి. అది మంచి చదువు.