పాఠశాలలో ఆర్థిక రేఖాచిత్రములు - ఒక విమర్శ

అంకెల పట్టికను చూచి జంకు విద్యార్థికి ఆ అంకెలనే రేఖాచిత్రముగా గీసి చూపినచో సంగతి సులభముగా బోధపడునని ఉపాధ్యాయులందరి నమ్మకము. ఈ నమ్మకములో నిజము లేకపోలేదు. కాని చిత్రము నిజమును ఎంత సులభముగా బోధించునో పొరపాటును కూడ అంత సులభముగానే బోధించును. పట్టికను చదువువాడు ఒక్కొక్క అంకె దగ్గర ఆగి ఆలోచించును. చిత్రమును చూచువాడు ఆగడు. చూచిన క్షణముననే ఒక అభిప్రాయము ఏర్పరచుకొనును. కావున సాంఘికశాస్త్ర పాఠములలో ఆర్థిక విషయములను గూర్చి గీయు చిత్రములు ఎట్టి అభిప్రాయములను కలిగించుచున్నవో పరీక్షించుట అవసరము.

సాధారణముగా ఈ చిత్రములలో ఎత్తిచూపు లోపములు గీతకు సంబంధించినవి: శీర్షిక లేదనియు, ప్రమాణము వ్రాయలేదనియు, అక్షములకు పేర్లు పెట్టలేదనియు. ఇవి దిద్దుకొనవలసినవే. కాని అసలు లోపము గీతకు ముందే ఉన్నది. మనము అడుగుచున్న ప్రశ్న ఒకటి, గీయుచున్న రాశి మరియొకటి అగుచున్నవి. ఆర్థిక విషయములలో మన ప్రశ్న చాలవరకు రెండు రాశుల నిష్పత్తిని గూర్చినది. గీయునది మాత్రము ఏదో ఒక మొత్తము. భాగహారము చేయవలసిన చోట చేయకుండ గీసిన చిత్రము ఎంత అందముగా ఉన్నను ప్రశ్నకు జవాబు చెప్పదు.

ఈ లోపము కొత్తది కాదు. ఈ విద్యకు ఆద్యుడైన విలియం ప్లేఫేర్ పనిలోనే ఇది కనిపించును. స్కాట్లండు దేశీయుడైన ప్లేఫేర్ (1759-1823) యౌవనములో ఆవిరియంత్రమునకు ప్రసిద్ధుడైన జేమ్స్ వాట్ వద్ద నక్షాలు గీయు పని చేసెను. 1786లో ఆయన ప్రకటించిన వాణిజ్య రాజకీయ అట్లాసులో ఇంగ్లండు ఎగుమతి దిగుమతులు ఏటేట ఎట్లు మారినవో రేఖలుగా గీయబడినవి. స్కాట్లండుకు అట్టి ఏటేటి లెక్కలు దొరకలేదు. అందుచే ఒక్క సంవత్సరపు లెక్కలను దేశముల వారీగా కమ్మీలుగా గీసెను. 1801లో వెలువడిన మరియొక గ్రంథములో వృత్తమును భాగములుగా విభజించి చూపెను. నేడు మన పిల్లలు నేర్చుకొను రేఖ, కమ్మీ, వృత్తచిత్రము మూడును ఒక్కని చేతినుండి వచ్చినవే.

1821లో ప్లేఫేర్ ఇంగ్లండు వ్యవసాయపు ఇక్కట్లను గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసి, అందులో 1565 మొదలు నాటి వరకు గోధుమ ధరను, కార్మికుని వారపు కూలిని ఒకే చిత్రములో గీసెను. ఒక క్వార్టరు, అనగా ఎనిమిది బుషెళ్ల, గోధుమల ధర షిల్లింగులలో నల్లని కమ్మీలుగాను, నేర్పరియైన పనివాని వారపు కూలి కింద ఒక రేఖగాను ఉన్నవి. ఆయన చెప్పదలచినది, పనివాని కూలితో పోల్చి చూచినచో గోధుమలు తన కాలమునందున్నంత చౌకగా మునుపెన్నడును లేవని. కాని చిత్రమును చూచువానికి కనిపించునదేమి? పైన కొండలవలె లేచిన ధరలు; అడుగున నిదానముగా పాకుచున్న కూలిరేఖ. పనివాడు గోధుమలు కొనలేక అల్లాడుచున్నాడని చూపరి తలచును. గ్రంథకర్త ఉద్దేశమునకు ఇది సరిగా విరుద్ధము. క్వార్టరు ధరను వారపు కూలితో భాగించి, ఒక క్వార్టరు గోధుమలు కొనుటకు ఎన్ని వారములు పని చేయవలెనో లెక్కకట్టి, ఆ ఒక్క రేఖను గీసియుండిన ఆయన చెప్పదలచిన సంగతి ఎల్లరకు కనిపించియుండెడిది. పద్ధతిని కనిపెట్టినవాడే భాగహారమును పాఠకునికి వదలివేసెను. కన్ను భాగహారము చేయజాలదు.

రెండు వందల ఏండ్ల నాటి ఈ లోపము మన తరగతిలో ఏ రూపమున ఉన్నదో మనకు బాగుగా తెలిసిన ఒక లెక్కతో చూతము. భారతదేశపు ఆహారధాన్యముల ఉత్పత్తి పాఠ్యపుస్తకములకు ప్రియమైన విషయము. కోట్ల టన్నులలో ఆ ఉత్పత్తి 1950-51లో 5.08, 1960-61లో 8.20, 1970-71లో 10.84, 1980-81లో 12.96, 1990-91లో 17.64, 2000-01లో 19.68, 2010-11లో 24.45. ఈ ఏడు బిందువులను కలిపినచో ఎక్కడను వంగక పైకి పోవు రేఖ వచ్చును. అరువది ఏండ్లలో ఉత్పత్తి దాదాపు 4.8 రెట్లు అయినది. విద్యార్థి సంతోషించును, దేశమున ప్రతి మనిషికి తిండి దాదాపు అయిదు రెట్లు పెరిగినదని కూడ తలచును.

ఇప్పుడు ఆయా జనాభా లెక్కలను పక్కన పెట్టి భాగింతము. జనసంఖ్య 1951లో 36.1 కోట్లు, అచ్చటినుండి పదేసి ఏండ్లకు 43.9, 54.8, 68.3, 84.6, 102.9, చివరకు 2011లో 121.1 కోట్లు. తలసరి ఉత్పత్తి వరుసగా సుమారు 141, 187, 198, 190, 208, 191, 202 కిలోలు వచ్చును. ఈ రేఖ రూపమే వేరు. మొదటి పదేండ్లలో గట్టిగా ఒక మెట్టు ఎక్కి, అటుపిమ్మట ఏబది ఏండ్లు కొంచెము హెచ్చుతగ్గులతో దాదాపు సమతలముగా నడచినది.

మొదటి చిత్రము అబద్ధమా? కాదు. అది వేరొక ప్రశ్నకు జవాబు. దేశపు పొలములు ఎంత పండించినవని అడిగినచో మొదటి రేఖ సరియైనది. మనిషికి ఎంత పండినదని అడిగినచో రెండవది సరియైనది. రెంటిని ఒకదాని కింద నొకటి గీసినపుడే అసలు సంగతి తెలియును: జనసంఖ్య మూడు రెట్లు మించి పెరిగినను తలసరి ధాన్యము తగ్గకుండ నిలబడినది. సమతలముగా నున్న ఆ రెండవ రేఖ వెనుక ఎన్నో కాలువలు, కొత్త వంగడములు, ఎరువులు, రైతు కష్టము ఉన్నవి. నిలకడగా నున్న గీత ఏమియు జరుగలేదనుటకు గుర్తు కాదని పిల్లలకు చెప్పవలెను. పండినదంతయు తిండికి రాదనియు, విత్తనములకు, పశువుల మేతకు, నిలువలకు కొంత పోవుననియు కూడ చెప్పవలెను.

ఈ తలసరి అంకెలే మరి రెండు జాగ్రత్తలను నేర్పుటకు పనికివచ్చును. మొదటిది అక్షపు ఆరంభము. కమ్మీలను సున్న వద్ద మొదలుపెట్టి గీసినచో 187, 208 కిలోల కమ్మీలు ఇంచుమించు ఒకే ఎత్తున ఉండును. స్థలము పొదుపు చేయుటకై అక్షమును 180 వద్ద మొదలుపెట్టినచో మొదటి కమ్మీ 7 పాళ్లు, రెండవది 28 పాళ్లు పొడవుండి నాలుగు రెట్ల భేదము కనిపించును. కమ్మీ తన పొడవుతో మాటలాడును. దాని కాలు నరికినచో మాట మారిపోవును. రేఖాచిత్రమునకు ఈ నియమము అంత కఠినము కాదు. కాని అక్షము సున్నతో మొదలు కానపుడు ఆ సంగతి స్పష్టముగా వ్రాయవలెను.

రెండవది మొదటి సంవత్సరపు ఎంపిక. ధాన్యపు ఉత్పత్తి 1964-65లో 8.94 కోట్ల టన్నులు. తరువాత వరుసగా రెండేండ్లు అనావృష్టి వచ్చి 1965-66లో 7.24, 1966-67లో 7.42 కోట్ల టన్నులకు పడిపోయినది. 1970-71 నాటికి 10.84 అయినది. హరితవిప్లవ చిత్రమును 1966-67లో మొదలుపెట్టినచో నాలుగేండ్లలో నూటికి 46 పాళ్ల వృద్ధి. 1964-65లో మొదలుపెట్టినచో ఆరేండ్లలో నూటికి 21 పాళ్లు. అంకెలన్నియు నిజమైనవే, అభిప్రాయములు వేరు. కరవు సంవత్సరమును మొదటి మెట్టుగా పెట్టుకొన్నవాడు వానదేవుని పుణ్యమును కూడ విప్లవపు ఖాతాలో జమ కట్టుచున్నాడు.

ఇక అచ్చైన పాఠ్యపుస్తకమునకు వత్తము. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2007లో పదవ తరగతికై వెలువరించిన ఆర్థికాభివృద్ధి పుస్తకము దేశమున ఎన్నో పాఠశాలలలో చదువబడినది. అందు ఆర్థిక రంగములను గూర్చిన పాఠములో మూడు చిత్రములున్నవి. మొదటిది రంగముల వారీ ఉత్పత్తి, రెండవది ఆ ఉత్పత్తిలో ఒక్కొక్క రంగపు వాటా, మూడవది ఉద్యోగితలో ఒక్కొక్క రంగపు వాటా. మొత్తముతో ఆగక వాటాలకు పోవుట, ఉత్పత్తి పక్కన పనివారిని నిలుపుట ఈ పాఠపు గొప్పతనము. ఆ వయస్సు పిల్లలకు ఇంతకంటె ముఖ్యమైన ఆర్థిక విషయము లేదనవచ్చును.

అయినను రెండు కొరతలున్నవి. ప్రతి చిత్రమునను దశాబ్దముల ఎడము గల రెండు సంవత్సరములే ఉన్నవి. నడుమ మార్పు నిదానముగా సాగినదో, హఠాత్తుగా వచ్చినదో తెలియదు. రెండవ కొరత మనము మొదటినుండి చెప్పుకొనుచున్నదే. రెండవ మూడవ చిత్రములను కలిపి చూచిన గాని అసలు సంగతి బయటపడదు. ఆ కలుపుట చిత్రములో జరుగలేదు. పాఠములోని వాక్యములు ఆ సంగతిని చెప్పుచున్నవి, కాని వాక్యమును మరచిన విద్యార్థి మనస్సులో చిత్రమే మిగులును.

ఆ పని తరగతిలో చేయుట కష్టము కాదు. 2017-18 శ్రామికశక్తి సర్వేను బట్టి దేశపు పనివారిలో నూటికి 44 మంది వ్యవసాయమునందుండిరి; ఉత్పత్తి విలువలో వ్యవసాయపు వాటా నూటికి సుమారు 18 పాళ్లు. దేశమున నూరుమంది పనివారు, నూరు రూపాయల ఉత్పత్తి ఉన్నవనుకొందము. వ్యవసాయమునందలి 44 మందికి 18 రూపాయలు, అనగా తలకు 41 పైసలు. మిగిలిన 56 మందికి 82 రూపాయలు, అనగా తలకు ఒక రూపాయి 46 పైసలు. రెండే కమ్మీలు గీసిన చాలును. ఒకటి రెండవదానికి మూడున్నర రెట్లు. ఈ విలువలో కూలి, కౌలు, లాభము అన్నియు చేరియున్నవి గనుక ఇది పనివాని చేతికి వచ్చిన ఆదాయము కాదని హెచ్చరించవలెను. కాని పల్లెలోని పిల్లవాడు తన ఊరి యువకులు పట్టణమునకు ఎందుకు పోవుచున్నారో ఆ రెండు కమ్మీలలో చూడగలడు. ఉత్పత్తి వాటాల చిత్రమును మాత్రమే చూచినవాడు వ్యవసాయము చిన్నదైపోయినది గనుక అంత పట్టించుకొనవలసిన పని లేదని తలచవచ్చును. ఇట్టి అభిప్రాయములతోనే పిల్లలు పెరిగి పౌరులగుదురు.

బొమ్మలతో చూపు పద్ధతిని గూర్చి కూడ ఒక మాట. చిన్న తరగతులలో జనాభాకు మనిషి బొమ్మ, ధాన్యమునకు బస్తా బొమ్మ వేయుట వాడుక. 1951కి చిన్న మనిషిని, 2011కి 3.35 రెట్లు పొడవైన మనిషిని గీసినచో, వెడల్పు కూడ ఆ పాటే పెరుగును గనుక కాగితముపై ఆ బొమ్మ 11 రెట్ల స్థలమును ఆక్రమించును. 1925లో వియన్నాలో సాంఘిక ఆర్థిక ప్రదర్శనశాలను స్థాపించిన ఆటో న్యూరాత్ దీనికి చక్కని నియమమును ఏర్పరచెను. రాశి పెరిగినపుడు బొమ్మను పెంచరాదు, బొమ్మల సంఖ్యను పెంచవలెను. ఒక్కొక్క బొమ్మ పది కోట్ల మందికి గుర్తు అనుకొన్నచో 1951కి మూడున్నర బొమ్మలు, 2011కి పండ్రెండు బొమ్మలు వేయవలెను. పిల్లవాడు వ్రేలితో లెక్కించి సరిచూచుకొనగలడు. ఆ సంస్థలో అంకెలను బొమ్మలుగా మలచుటకు ముందు వానిలో చెప్పదగిన సంగతి ఏదో తేల్చుట ప్రత్యేకమైన పనిగా ఉండెడిది. మేరీ రైడెమైస్టర్ ఆ పనిలో ప్రసిద్ధురాలు. మన పాఠశాలలలో కొరవడినది ఆ పనియే.

తెలుగు రాష్ట్రములలో సాంఘికశాస్త్ర పరీక్షలో సమాచార నైపుణ్యములు అనునది ఒక విద్యాప్రమాణముగా చేర్చబడినది. పట్టికను, గ్రాఫును చదివి వ్యాఖ్యానించుమను ప్రశ్నలు వచ్చుచున్నవి. ఇది మంచి మార్పు. కాని ఏ సంవత్సరమున హెచ్చు, ఏ సంవత్సరమున తక్కువ అని అడిగి వదలినచో కంటికి పరీక్షయే గాని బుద్ధికి కాదు. ఈ రాశిని దేనితో భాగింపవలెను, మొదటి సంవత్సరము మారినచో గీత ఎట్లు మారును, ఈ చిత్రము చెప్పని సంగతి ఏది అని కూడ అడుగవలెను. ఇందుకు గొప్ప పరికరములు అక్కరలేదు. గళ్ల కాగితము, పెన్సిలు, ఒక జనాభా పట్టిక, ఒక ఉత్పత్తి పట్టిక చాలును. యంత్రము క్షణములో చిత్రము గీసిపెట్టు ఈ రోజులలో గీయుట నేర్పుటకంటె ఏది గీయవలెనో నిర్ణయించుట నేర్పుట ముఖ్యము. ఆ నిర్ణయము యంత్రమునకు వదలక, విద్యార్థి చేతనే పట్టికల వద్ద చేయించిన ఉపాధ్యాయుడు ఈ పాఠమును సార్థకము చేసినవాడగును.