ఎదురుగా కూర్చునే చోటు లేని ఆట

మన్యం గిరిజనుల ధింసా ఆట అందం ముందునుంచి కనబడదు, వీపుల వైపునుంచి చూడాలి. పక్కమనిషి వీపు మీదుగా పోయిన చెయ్యి ఆ అవతలి మనిషి చేతిని పట్టుకుంటుంది. అలా అల్లుకున్న వరసలో ఏ చెయ్యి ఎవరిదో పోల్చుకోలేం.

మన్యంలోని గూడెం కొత్తవీధికి బయటివాళ్లు వచ్చేది 1922 నాటి అల్లూరి పితూరీ ఆనవాళ్ల కోసం, కాకుంటే ఆర్.వి.నగర్ కాఫీతోటల కోసం. నేను వెళ్లింది చైత్రంలో, ఇటుకల పండగకి. పగలు దారికడ్డంగా వెదురుబొంగు పెట్టి నవ్వుతూ పజోరు డబ్బులు అడిగిన ఆడవాళ్లే రాత్రి వరసకట్టారు. డప్పు, తుడుము, కిరిడి, మోరి కలిసి లేచాయి. వాటి మీద జోడుకొమ్ములు కొండ అవతలికి కూడా కబురు పెడుతున్నట్టు మోగాయి.

అడుగు చూడబోతే ఏమంత లేదు. ముందుకొకటి, వెనక్కొకటి, నడుములో చిన్న ఊపు. ఒక్కరు వేస్తే బీదగా ఉంటుంది. ముప్పై నడుములు ఒకే వంపు వంగి ఒకేసారి లేచినప్పుడు మాత్రం నేలే ఊపిరి తీసుకున్నట్టుంటుంది! ధింసాలో చాలా రకాలు. గ్రామదేవత పేరిట ఆడే బోడ ధింసాలో నెమలీకల కట్ట పట్టినవాడు ముందు నడిస్తే వరస మెలికలు తిరుగుతుంది. పోతర్‌తోలాలో ఆకులు కోస్తారు, గొడ్డిబేటలో వంగి రాళ్లేరుతారు, బాగ్ ధింసాలో పులి వస్తుంది. నాకు ముద్దొచ్చింది కుండా ధింసా. భుజంతో భుజాన్ని నెట్టుకుంటూ ఊగుతారు. పట్టు సడలదు, లయ తప్పదు, కొంటెతనమూ దాగదు.

మన ఆలంకారికులు రసానుభవాన్ని సహృదయుడికి అప్పగించారు. అతను కూర్చుంటాడు, ఆట అతని ఎదుట జరుగుతుంది. ఇక్కడ అతనికి పీట వేసేవాళ్లే లేరు. "రామ్మా, నిలబడి ఏటి చూత్తావు?" అంటూ ఒకావిడ నా చెయ్యి లాగి తన వీపు వెనక్కి తిప్పుకుంది. ఇక కళ్లతో పనిలేదు. పక్కావిడ పక్కటెముకల కదలికే తాళం చెప్పింది. నా కాలు తడబడితే వరసంతా కాస్త సర్దుకుని నన్ను మోసుకుపోయింది. ఫ్రాన్సులో బ్రెటన్ల ఫెస్ట్ నోజ్ అనే రాత్రి పండగ ఆటలోనూ చిటికెనవేళ్లు లంకె వేసుకుని ఊరూ పరాయీ కలిసి ఆడతారు. 2012లో యునెస్కో దాన్ని తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ చిటికెనవేలి కంటే ఈ వీపుల అల్లికది గట్టి చుట్టరికం అంటాను, పక్షపాతం అనుకున్నా సరే.

అరకు హోటళ్ల పచ్చికల మీదా ధింసా పెడతారు. ఒకే రంగు చీరలు, మైకు, కుర్చీలు. అడుగుల్లో వంక పెట్టలేం గానీ, వరస ఎంతసేపూ కుర్చీలకే ముఖం చూపిస్తుంది, మెలిక తిరగాల్సిన చోట తిన్నగా నిలబడిపోతుంది. చివర్లో ఫొటోల కోసం అతిథుల్ని లోపలికి లాగుతారు. చెప్పులు జారి, అడుగులు గందరగోళమై, వరస వంకరపోయి, ఆడేవాళ్లు పగలబడి నవ్వే ఆ నాలుగు నిమిషాలే అక్కడ అసలు ధింసా.