టేపు పెట్టి కొలిచే వేట

మా ఆవిడ దగ్గర జాకెట్ల కొలతకు వాడే టేపు ఒకటి ఉంది. పెళ్ళయిన కొత్తలో నరసరావుపేటలో కొన్నది. మొదటి రెండు అంకెలూ ఎప్పుడో అరిగిపోయాయి. నాలుగేళ్ళ కిందట ఒక శనివారం పొద్దున ఆ టేపును నా వీపుకు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పట్టి, "పదమూడున్నర, పన్నెండు. గుణించు," అంది. 162. "వీపు పాసయింది, ఇటు తిరుగు."

కొలుస్తున్నది నన్ను కాదు, నేను తొడుక్కున్న నారింజరంగు చేతుల్లేని కోటును. టెక్సాస్‌లో ప్రభుత్వ వేట భూముల్లోకి తుపాకీతో జింక వేటకు వెళ్ళేవాడి ఒంటిమీద కనీసం 400 చదరపు అంగుళాల మెరిసే నారింజరంగు కనబడాలి. అందులో ఛాతీ మీద 144, వీపు మీద 144 ఉండి తీరాలి. నెత్తిన అదే రంగు టోపీ. కొన్ని రకాల పిట్టల వేటకు మాత్రం మినహాయింపు ఉంది. కోటు కొన్నప్పుడు అట్టముక్క మీద సరిపోతుందనే రాసి ఉంది. కానీ అట్ట మీద రాసింది నమ్మే ఇల్లు కాదు మాది.

ఇంత రంగు వేసుకుంటే జింక పారిపోదా అని అందరూ అడుగుతారు. ఎరుపును పట్టుకునే కణాలు దాని కంట్లో లేవు. మనకు అరటి గెలలో మంకెన పువ్వులా కొట్టొచ్చే రంగు దానికి మసకగా, చుట్టూ ఉన్న ఆకుల్లో ఒకటిగా ఉంటుంది. ఆ రంగు పక్క పొదలో కూర్చున్న మనిషి కోసం. అతనెవరో నాకు తెలియదు, నేనెవరో అతనికి తెలియదు. సొంత భూమిలో వేటాడుకునే ఆసామికి ఈ నిబంధనే లేదు. అక్కడికి ఎవరొస్తారో అతనికి తెలుసు కాబట్టి.

టెక్సాస్‌లో నేల 95 శాతానికి పైగా ప్రైవేటు వాళ్ళదే. వేటాడాలంటే భూమి ఉన్న బావమరిదైనా ఉండాలి, లేదా ఏడాదికి వేల డాలర్లు పోసి ఎవరి పొలాన్నైనా లీజుకు తీసుకోవాలి. ఈ రెండూ లేనివాడికి రాష్ట్ర పార్కులు, వన్యప్రాణుల శాఖ ఇచ్చే వార్షిక పర్మిట్ ఒకటే దారి. 48 డాలర్లు. దాంతో రాష్ట్రమంతటా సుమారు పది లక్షల ఎకరాల్లో కాలు పెట్టవచ్చు. ఇది 25 డాలర్ల వేట లైసెన్సుకు అదనం.

కొన్ని మంచి చోట్లకు ఆ పర్మిట్ కూడా చాలదు, డ్రా తీస్తారు. దరఖాస్తుకు మూడు డాలర్లో పదో. రాకపోతే ఒక పాయింటు ఖాతాలో పడుతుంది, మరుసటేడు అవకాశం కాస్త పెరుగుతుంది. నాకు వరసగా మూడేళ్ళు రాలేదు. మా ఊరుమ్మడి చెరువులో చేపలకు పంచాయతీ వాళ్ళు ఏటా పాట పెట్టేవాళ్ళు. ఎవరు పెద్ద పాట పాడితే చేపలు వాళ్ళవి, గట్టున నిలబడి చూడటం మిగతా ఊరిది. ఇక్కడ పాట లేదు, లాటరీ. డబ్బున్నవాడి చీటీ, నా చీటీ ఒకే కుండలో. ఓడిన మూడుసార్లూ ఈ మాట చెప్పుకునే సర్దుకున్నాను.

ఇంతకీ నేను వేట లైసెన్సు తీసుకున్నది వేట కోసం కాదు. ఈ మాట డాలస్ చుట్టుపక్కల ఉండే మన కుర్రాళ్ళు చాలామందికి వెంటనే అర్థమవుతుంది. హెచ్‌-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో ఒకటి, చేతిలో చెల్లే వేట లైసెన్సు ఉండటం. అందుకని షూటింగ్ రేంజికి సరదాగా వెళ్ళాలనుకున్న ప్రతివాడూ ముందు వెళ్ళి వేటగాడవుతాడు. అడవి ముఖం చూడడు. పర్సులో ఆధార్ కార్డు పక్కన జింకల ట్యాగులు పెట్టుకు తిరిగే శాకాహారి మిత్రులు నాకే ముగ్గురున్నారు.

వాళ్ళను చూసి నవ్వేవాణ్ణి, కొన్నాళ్ళకు లెక్క తెలిసి మానేశాను. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం పొడవు తుపాకులు, తూటాల మీద తయారీదారు దగ్గరే 11 శాతం పన్ను పడుతుంది. ఆ సొమ్మును వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకు పంచుతారు. ఏ రాష్ట్రానికి ఎంత అన్నది సగం దాని వైశాల్యాన్ని బట్టి, సగం అక్కడ డబ్బు కట్టి వేట లైసెన్సు తీసుకున్నవాళ్ళ సంఖ్యను బట్టి. అంటే కాగితపు బొమ్మ మీద తప్ప దేనిమీదా పేల్చని మా శాకాహారి కూడా తూటాల డబ్బా కొన్నప్పుడు ఒకసారి, లైసెన్సు కొన్నప్పుడు ఒకసారి అడవి లెక్కలోకి వస్తాడు. పుణ్యం చేస్తున్నట్టు అతనికే తెలియదు.

1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటగాళ్ళ శిక్షణ కోర్సు కూడా చేయాలి. ఆ కోర్సులోనే మా ఆఫీసులో రిటైరయిన పెద్దాయన ఒకరు పక్క కుర్చీలో తగిలారు. మనవడి కోసం వచ్చారట. ఆయనే నన్ను అడవికి తీసుకెళ్ళింది.

అమ్మకు ఫోనులో చెప్పాను, వేటకు వెళుతున్నానని.

"ఆదివారమే కదరా, వెళ్ళు. అక్కడ కిలో ఎంతుంది?"

మా పల్నాడులో వేట అంటే మేకపోతు. వేట కోశారంటే ఎవరూ అడవికి వెళ్ళినట్టు కాదు, పోగులు వేస్తున్నారని. అది కాదమ్మా, తుపాకీతో, జింక అని విడమర్చి చెప్పాక కాసేపు చప్పుడు లేదు. "ఉద్యోగం ఉందా నాయనా?" అని మెల్లగా అడిగింది.

మొదటి ఏడు నేర్చుకున్నది అడవి కాదు, గట్లు. పటంలో ప్రభుత్వ భూమి ఆకుపచ్చగా ముద్దగా కనబడుతుంది గానీ నేలమీద మధ్యమధ్య ప్రైవేటు చెక్కలుంటాయి. ఒకరోజు అడవిపందులు తాజాగా మన్ను తవ్విన జాడ పట్టుకుని వంగి వంగి పోతున్నాను. చెట్ల బోదెల మీద వంగపండు రంగు చారలు కనిపించాయి. కలప కొట్టడానికి గుర్తులు పెట్టారనుకున్నాను. పెద్దాయన వెనకనుంచి కోటు కాలరు పట్టుకుని లాగారు. ఆ రంగు చార ఉందంటే 'లోపలికి రావద్దు' అన్న బోర్డు ఉన్నట్టే, 1997 నుంచి ఇక్కడి చట్టం అది. చార నిలువుగా ఉండాలి, పొడవు కనీసం 8 అంగుళాలు, వెడల్పు అంగుళం, నేలకు మూడు నుంచి ఐదడుగుల ఎత్తున. అడవిలో అయితే రెండు గుర్తుల మధ్య నూరడుగులకు మించకూడదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి టేపు మళ్ళీ అడిగాను. "ఇప్పుడేం కొలుస్తావు?" అంది మా ఆవిడ. గోడమీద సుద్దముక్కతో ఎనిమిది అంగుళాలు గీసి చూసుకున్నాను, ఇక కన్ను మరిచిపోకూడదని.

ఆ పందుల సంగతే ఇంకొకటి. 2019 నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, పందిని కొట్టడానికి లైసెన్సే అక్కర్లేదు. అదే పంది కంచె కిందనుంచి దూరి ప్రభుత్వ భూమిలోకి వస్తే లైసెన్సు కావాలి, పర్మిట్ కావాలి. పందికి మాత్రం ఈ తేడా తెలియదు.

నవంబరు మొదటి శనివారం తుపాకీతో జింక వేట మొదలవుతుంది. రెండో ఏడు హంట్స్‌విల్ దాటాక ఉండే శామ్ హ్యూస్టన్ జాతీయ అరణ్యానికి వెళ్ళాం. పైన్ చెట్లు. రాలిన సూదుల మీద నడిస్తే బొంత మీద నడిచినట్టు ఉంటుంది, చప్పుడు రాదు. సూర్యోదయానికి అరగంట ముందునుంచి, సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే పేల్చవచ్చు. ఆ చీకట్లో, కూర్చున్న దుంగ తడికి ప్యాంటు నాని, చలికి మోకాలు దడదడలాడుతుంటే, ఎదురుగా ముప్ఫై గజాల్లో తెల్లతోక మగజింక వచ్చి నిలబడింది. రావడం నేను చూడలేదు. అంతకుముందు అక్కడ పొద ఉంది, ఇప్పుడు జింక ఉంది, అంతే.

ఆ కౌంటీల్లో ప్రతి మగజింకనూ కొట్టకూడదు. ఒక కొమ్మయినా చీలకుండా ఒంటి పుల్లలా ఉండాలి, లేదా రెండు కొమ్ముల మధ్య లోపలి దూరం 13 అంగుళాలైనా ఉండాలి. ఏడాదిన్నర వయసున్న మగజింకలే ఎక్కువగా వేటకు పోయి, వయసొచ్చినవి మందలో మిగలడం లేదని 2002లో ఆరు కౌంటీల్లో ఈ పద్ధతి మొదలుపెట్టారు, తర్వాత చాలా కౌంటీలకు పాకింది. మరి బతికున్న జింక కొమ్ములు ఎలా కొలవడం? దాని చెవులే టేపు. రెండు చెవులూ నిక్కబొడిచి ముందుకు పెట్టినప్పుడు కొసనుంచి కొసకు సుమారు 13 అంగుళాలు. కొమ్ములు ఆ కొసలు దాటి బయటికి వంగాయా లేదా చూసుకోవాలి.

నా జింక ఒక చెవే నావైపు తిప్పింది. రెండోది వెనకెక్కడో ఉడుత గోల వింటోంది. కొమ్ములు రెండూ చీలి ఉన్నాయి, ఎడమది దాటినట్టే ఉంది. కుడిది? తల కాస్త తిప్పితే బాగుండు. తిప్పింది, అయితే అటువైపు. దాని ముక్కునుంచి ఆవిరి రావడం కనిపిస్తోంది. కింది పెదవి మీద ఒక పైన్ సూది అంటుకుని ఉంది. అది కూడా కనిపిస్తోంది గానీ ఆ కుడి అంగుళం మాత్రం తేలడం లేదు. ఎంతసేపో తెలియదు. తర్వాత పొద మళ్ళీ పొదయింది.

"దాటింది కదా!" అన్నారు పెద్దాయన తర్వాత, నవ్వుతూ. ఆయన నాకు నలభై గజాల అవతల కూర్చుని చూశారట. దాటిందో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఈ నాలుగేళ్ళలో నేను వాడిన ట్యాగు ఒక్కటే, అదీ ఆ మరుసటి ఏడు. జింక పడ్డాక మొదట చేయాల్సిన పని కత్తి తీసి ఆ కాగితంలో నెల గడి, తేదీ గడి కోసేయడం. వేళ్ళు ఎంత వణికాయంటే పక్క తేదీ కూడా కోసేస్తానేమోనని భయం. మాంసం పారేయడం కూడా ఇక్కడ నేరమే. మా ఫ్రీజరు ఉగాది దాకా మూత పడలేదు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అంతకుముందు మనకూ పర్మిట్లుండేవి. అడవిని బ్లాకులుగా చేసి, ఫీజు కట్టించుకుని, ఏ జంతువు ఎన్ని అని రాసిచ్చేవారు. ఆ కాగితాలు దొరలకూ దొరల అతిథులకూ అందినంత సులువుగా నల్లమల చెంచుకు అందలేదు. నిషేధం తప్పని నేననను. కానీ మా మేనమామ మొక్కజొన్న చేను చుట్టూ రాత్రిళ్ళు పక్క పొలాలవాళ్ళు పందుల కోసం కరెంటు తీగ లాగుతారు, దానికి ఏ కొలతా లేదు, ఏ వేళా లేదు. పంది పడుతుంది, కుక్క పడుతుంది, ఒక్కోసారి నీళ్ళు కట్టడానికి పోయిన మనిషి పడతాడు. పంటను పాడుచేసే పందిని చంపడానికి ఆ చట్టంలోనే అనుమతి దారి ఉంది. పందులు తెల్లారేలోపు చేను ఖాళీ చేస్తాయి, దరఖాస్తు అంత త్వరగా కదలదు. "మీ అమెరికాలో ఎట్లా?" అని మామయ్య అడిగితే 400 చదరపు అంగుళాల సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు.

మొన్న ఆదివారం మా ఆవిడ టేపు కోసం ఇల్లంతా వెతికింది. పాపకు లంగా కుట్టాలట. కుట్టుమిషను సొరుగులో లేదు, దేవుడి గది అలమరలో లేదు. కారు డిక్కీ తెరిస్తే నారింజ కోటు జేబులో, ఎండిన పైన్ సూదులతో పాటు చుట్టచుట్టి ఉంది.