అద్దము లేని కెమేరా: రాబోవు తరమున కోరదగినదేమి?

36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. 1925లో లైకా కెమేరా అంగడికి వచ్చి ప్రచారము చేసిన ఈ కొలతనే నేడు ‘ఫుల్ ఫ్రేమ్’ అనుచున్నారు. ఫిల్ము స్థానమున సిలికాన్ పలక వచ్చినను కొలత మారలేదు. కటకము వెనుక ఏటవాలుగా నిలిచి దృశ్యమును కంటికి చూపుచుండిన అద్దము మాత్రము పోయినది. 2013లో సోనీ, 2018లో నికాన్, కెనాన్ కంపెనీలు ఈ కొలతలో అద్దము లేని కెమేరాలను తెచ్చినవి. వీని తరువాతి తరమును గూర్చి తరచుగా వినవచ్చు కోరిక ఒకటి కలదు: పిక్సెళ్ళు ఇంకను పెరుగవలెనని. ఈ కోరిక భౌతికశాస్త్రపు పరీక్షకు నిలుచునా?

2019లో వచ్చిన సోనీ ఆల్ఫా 7ఆర్ 4 కెమేరాలో 6 కోట్ల 10 లక్షల పిక్సెళ్ళు కలవు. ఒక్కొక్కదాని వెడల్పు 3.76 మైక్రాన్లు. కాని కాంతి తరంగరూపము గనుక, ఎంత నిర్దుష్టమైన కటకమైనను చుక్కను చుక్కగా చూపజాలదు. వివర్తనముచే అది చిన్న బిళ్ళయగును. తరంగదైర్ఘ్యమును ఎఫ్ సంఖ్యచేతను, మరల 2.44 చేతను గుణించినచో బిళ్ళ వ్యాసము వచ్చును. 0.55 మైక్రాన్ల ఆకుపచ్చ కాంతికి ఎఫ్/16 వద్ద ఇది 21.5 మైక్రాన్లు, అనగా ఐదారు పిక్సెళ్ళ వెడల్పు! అట్టిచోట పిక్సెళ్ళను ఇంకను చిన్నవి చేసినందున ఒరుగునది స్వల్పము. ద్వారమును బాగుగా తెరచి, మేలైన కటకముతో, కెమేరా కదలకుండ చిత్రము తీయువారికి కొంత లాభము కలదనుట నిజమే.

అంతకంటె పెద్ద లోపము వేరొకచోట నున్నది. విద్యుత్ షట్టరు వాడినపుడు పలకపై నున్న పిక్సెళ్ళన్నియు ఒక్క క్షణమున చదువబడవు. పై వరుస మొదట, క్రింది వరుస చివర. షట్టరును 1/8000 సెకనుకు అమర్చినను ఆ కాలము ఒక్కొక్క వరుసకు మాత్రమే వర్తించును. పైన చెప్పిన కెమేరాలో మొదటి వరుసకును చివరి వరుసకును నడుమ దాదాపు 1/10 సెకను గడచును. నిమిషమునకు 300 చుట్లు తిరుగు పంకా ఆ లోపల అరచుట్టు తిరుగును. తిన్నని రెక్క కొడవలివలె వంగును. చిత్రము స్పష్టముగనే యుండును, కాని అది చూపు ఆకారము లోకమున ఎన్నడును లేదు. ఛాయాచిత్రమును సాక్ష్యముగ గొను ప్రయోగశాలకు ఇంతకంటె కీడేమున్నది? ఈ దోషము క్రొత్తది కాదు. ఫ్రెంచి ఛాయాచిత్రకుడు జాక్ ఆన్రీ లార్తీగ్ 1910ల నాడు తీసిన పందెపు కారు చిత్రమున చక్రము అండాకారమై ముందుకు వాలియుండుటకు ఆనాటి తెర షట్టరే కారణము.

చికిత్స లేకపోలేదు. పిక్సెళ్ళ వెనుక వేగముగల వలయములను, స్మృతిఘటములను పొరలుగా పేర్చినచో పఠనకాలము తగ్గును. 2021 నాటి నికాన్ జెడ్ 9లో అది సుమారు 1/270 సెకను. ఆ కంపెనీవారు యాంత్రిక షట్టరునే తీసివేసిరి. మన పంకా రెక్క అందులో ఏడు డిగ్రీల లోపే కదలును. 2023 చివర ప్రకటింపబడిన సోనీ ఆల్ఫా 9 మూడవ నమూనా ఇంకొక అడుగు ముందుకు వేసినది. దానిలో వరుసలన్నియు ఒకేమారు కాంతిని పట్టి ఒకేమారు ఆపును. సెకనుకు 120 చిత్రములు! అనగా దాదాపు 4,000 కోట్ల బిట్ల ప్రవాహము.

ఈ ఘనతను పొగడువారు దాని వెలను కూడ చెప్పవలెను. తన వంతు వచ్చువరకు ప్రతి పిక్సెలు తన విద్యుదావేశమును దాచుకొనవలెను, ఆ దాపునకు చోటు కావలెను. ఈ కెమేరా కనిష్ఠ ఐ.ఎస్.ఓ. 100 గాక 250 అయినది. లెక్కించి చూడుడు: 10,000 ఫోటాన్లు పట్టుచోట సహజమైన హెచ్చుతగ్గు 100, అనగా నూటికి 1. రెండున్నర రెట్లు తగ్గి 4,000 అయినచో హెచ్చుతగ్గు 63, అనగా నూటికి 1.6. ఎండయు నీడయు కలిసిన దృశ్యమున నీడలలో ఈ గరుకుదనము బయటపడును.

కావున పిక్సెళ్ళు ఇప్పటికి చాలును. ఐ.ఎస్.ఓ. 100 నాటి కాంతి నిలువను వదలకయే పఠనకాలమును 1/1000 సెకనుకు దింపిన పలక కావలెను. అదియు సామాన్యపు ధరలో. 2024లో నికాన్ జెడ్ 6 మూడవ నమూనా పలక పై అంచునను క్రింది అంచునను మాత్రమే వేగవలయములను చేర్చి ఖర్చు తగ్గించినది. దిశ మంచిదే, వేగము మాత్రము ఇంకను చాలదు.

చిత్రమేమనగా, కంపెనీలు పిక్సెళ్ళ సంఖ్యను పెద్ద అక్షరములతో ముద్రించును గాని పఠనకాలమును సాధారణముగా ముద్రింపవు. ఆ సంఖ్యను తరగతి గదిలోనే రాబట్టవచ్చును. పంకాను మధ్యవేగమున త్రిప్పి, విద్యుత్ షట్టరును అతి తక్కువ కాలమునకు అమర్చి చిత్రము తీసి, రెక్క ఎన్ని డిగ్రీలు వంగినదో కోణమానినితో కొలిచినచో, విద్యార్థులకు ఇంచుమించు లెక్క దొరకును.