అస్థిరశబ్ద విమర్శనము

శాస్త్రమునఁ బ్రయుక్తమగు పదమునకు లోకప్రసిద్ధి యొక్కటియే చాలదు. అర్థనియమము కూడ వలయును. రసాయనశాస్త్రమునందలి యస్థిరశబ్ద మిందుకు మంచి యుదాహరణము.

స్థా ధాతువునకు గతినివృత్తి యర్థము. దానిపై నౌణాదికమగు కిరచ్ప్రత్యయము చేరఁగా స్థిరశబ్దము సిద్ధించును. నఞ్సమాసమున నది యస్థిరమగును. కవులు సిరిని, ప్రాయమును, ప్రాణమును అస్థిరములని వర్ణించునపుడు రెండు భావములు కలిసి వచ్చును. ఉన్న స్థితి శాశ్వతము కాదనుట యొకటి. త్వరలోనే తొలఁగిపోవుననుట మఱొకటి. కావ్యమున నీ కలయిక రసపోషకమే. శాస్త్రమున మాత్ర మివి వేఱువేఱు ప్రశ్నలు. మొదటిదానికి శక్తి ప్రమాణము. రెండవదానికిఁ గాలము ప్రమాణము.

యంత్రశాస్త్రమున నీ భేద మంతగాఁ గనఁబడదు. గిన్నెలోని గోలీ కొంచెము కదలించినను మరల నడుగునకే చేరును, అది స్థిరము. బోర్లించిన గిన్నెమీఁది గోలీ యించుక కదలినంతనే జాఱిపోవును, అది యస్థిరము. ఇచ్చట నస్థిరత్వమును శీఘ్రత్వమును నొక్కచోటనే యుండుటచే నొక్క శబ్దము చాలినది.

వజ్రము విషయమున నట్లు కాదు. సాధారణమగు నుష్ణోగ్రతాపీడనములందు వజ్రమునకు గ్రాఫైటుకంటె స్వేచ్ఛాశక్తి మోలునకు సుమారు 3 కిలోజౌళ్లు అధికము. కావున గ్రాఫైటును బట్టి చూడఁగా వజ్ర మస్థిరమే. అయినను తాతలనాఁటి వజ్రపుటుంగరము పెన్సిలులోని నల్లని గ్రాఫైటుగా మాఱుట యెవ్వరును జూచి యెఱుఁగరు. కర్బనపరమాణువుల దృఢబంధములు తెగి వేఱొక యమరికను బొందుటకు దాఁటవలసిన శక్తిరూపమగు గట్టు మిక్కిలి యెత్తైనది.

బిస్మతు 209 పరమాణుకేంద్రకము స్థిరమని చిరకాలము నమ్మఁబడినది. అదియు నాల్ఫాకణమును వెలువరించి క్షీణించునని 2003లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కనుఁగొనిరి. 2 తరువాత 19 సున్నలు వ్రాసిన నెంతయగునో, దాని యర్ధాయువు దాదాపు అన్ని వత్సరములు. విశ్వము వయస్సు సుమారు 1,380 కోట్ల వత్సరములు మాత్రమే! అస్థిర మనఁగా శీఘ్రముగా నశించునది యని బోధించిన గురువు, బిస్మతును గూర్చి శిష్యుఁ డడిగినచో నుత్తరము చెప్పఁజాలఁడు.

సంశ్లిష్టసమ్మేళనముల విషయమున నీ రెండు ప్రశ్నలను స్పష్టముగా విడఁదీసినవాఁడు హెన్రీ టౌబ్. ఈయన 1983లో నోబెల్ బహుమానమును బొందెను. 1952లోఁ బ్రకటించిన వ్యాసమున లేబైల్, ఇనర్ట్ అను పదములను వేగమునకే పరిమితము చేసెను. లేబైల్ అనునది జాఱుట యను నర్థముగల లాటిను మాటనుండి పుట్టినది. ఆఱు అమోనియా యణువులు గల కోబాల్టు సమ్మేళనము ఆమ్లద్రావణమున శక్తిని బట్టి యస్థిరము. అయినను దినములకొలఁది యట్లే నిలుచును. నాలుగు సయనైడులు గల నికెలు సమ్మేళనము మిక్కిలి స్థిరము; అయినను దానిలోని సయనైడులు ద్రావణమునందలి సయనైడులతో నతిశీఘ్రముగా స్థానము మార్చుకొనుచుండును. లేబైల్ అను పదమును గూడ నస్థిరమనియే తెనిఁగించినచో, ఈ నికెలు సమ్మేళనము స్థిరమును నస్థిరమును నగును. ఇది వ్యాఘాతదోషము.

లేబైల్ అనుదానికిఁ జంచలశబ్దము తగును. తామరాకుమీఁది నీటిబొట్టు ఇటునటు దొరలుచుండును, కాని బొట్టుగానే యుండును. అమరకోశమునఁ జంచలాశబ్దము మెఱుపు పేళ్లలోఁ జేరుటచే శీఘ్రత్వభావము దీని కప్రసిద్ధము కాదు. ఇనర్ట్ అనుదానికి జడశబ్దము, జడవాయువులను ప్రయోగమున మున్నే నెలకొన్నది. కావున స్థిరాస్థిరములు శక్తికిని, జడచంచలములు వేగమునకును వినియోగపడవచ్చును. వజ్రము అస్థిరము, జడము. నికెలు సమ్మేళనము స్థిరము, చంచలము.

అస్థిరచంచలశబ్దములు లోకమునఁ బర్యాయములుగాఁ జెల్లుచుండఁగా నీ భేద మెట్లు పొసఁగునని యాక్షేపింపవచ్చును. పరిభాష లోకార్థమును నియమించుట క్రొత్త గాదు. గుణశబ్దము పాణినీయమున అ, ఏ, ఓలకు సంజ్ఞ. శీఘ్రమను నర్థముగల ద్రుతశబ్దము తెలుఁగు వ్యాకరణమున నకారమునకు సంజ్ఞ. వీనివలన విద్యార్థికి భ్రాంతి కలుగుట లేదు. జడశబ్దమునకు వేదాంతమునఁ జైతన్యరాహిత్య మర్థమగుట కొంత బలవత్తరమగు నాక్షేపమే; కాని రసాయనమున వస్తువులన్నియు నచేతనములే యగుటచేఁ బ్రకరణమే యా యర్థమును నివారించును.

సంజ్ఞ యేర్పడినను నొక నియమము మిగిలి యున్నది. అస్థిర మనునపుడు దేనిని బట్టి యస్థిరమో చెప్పవలయును; చంచల మనునపు డెంత కాలములోనో చెప్పవలయును. టౌబ్ చెప్పిన కొలఁత, సాధారణోష్ణోగ్రతయందు సుమారొక నిమిషము. ఈ రెండు ప్రశ్నలు మఱవక బోధించినచో పదభేదము వ్యర్థము గాదు. మఱచినచో నెన్ని క్రొత్తపదములు కల్పించినను బ్రయోజనము లేదు.