పాత ఇండికాకి టర్బో

రాంబిల్లి నుంచి మా మేనల్లుడు ఒక వీడియో పంపాడు. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వస్తూ పాత ఇనుము కొట్టు దగ్గర ఆగాడట. చేతిలో తుప్పు పట్టిన టర్బో ఉంది. షాఫ్టు కొసని రెండు వేళ్లతో పట్టుకుని ముందు పక్కలకి కదిపాడు, తర్వాత ముందుకీ వెనక్కీ లాగాడు. పక్కలకి కాస్త ఆడింది. ముందుకీ వెనక్కీ ఆడలేదు. "రెక్కలు గోడకి రాసుకున్న గీతలు కూడా లేవు మావయ్యా. మన ఇండికాకి ఎక్కించీమంటావా?"

ధర సంగతి ఎత్తకముందే షాఫ్టు చూశాడు! ఈ వారం నన్ను ఇంత సంతోషపెట్టింది ఇంకొకటి లేదు. టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, అదీ పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ. ఆయిల్ లేనప్పుడు పక్కలకి కొంచెం ఆడడం మామూలే. ముందుకీ వెనక్కీ ఆడిందంటే మాత్రం లోపల బేరింగ్ అరిగిపోయినట్టే.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా జవాబేమిటో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ముందు ఎయిర్ ఫిల్టరు, తర్వాత టైర్లలో గాలి, ఆ తర్వాత బ్రేకులు. ఇవి సరిగ్గా లేని బండికి పికప్ పెంచడం గురించి నాతో మాట్లాడొద్దని ఎన్నోసార్లు రాశాను. కంపెనీ ఇచ్చిన ఇంజన్‌ని కదపొద్దనీ రాశాను.

పెట్రోలు కారైతే ఒక్క ముక్కలో వద్దనేవాణ్ణి. టర్బో లేకుండా తయారైన పెట్రోలు ఇంజన్లో కంప్రెషన్ ముందే ఎక్కువ. ఆపైన గాలిని ఇంకా కుక్కితే వేడికి పెట్రోలు వేళ కాని వేళ అంటుకుని పిస్టన్‌ని లోపలినుంచి కొడుతుంది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ జెట్‌ఫైర్ అనే కారుకి టర్బో పెట్టింది. కంప్రెషన్ 10.25. ఈ కొట్టుడు ఆపడానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవం కోసం విడిగా ఒక ట్యాంకు కూడా పెట్టారు. జనం ఆ ట్యాంకు నింపడం మానేశారు. చాలామంది టర్బోనే పీకించేసుకున్నారు. 1963తో ఆ కారు కథ ముగిసింది. అంత పెద్ద కంపెనీ డబ్బు పోసి చేసినదానికే ఆ గతి పట్టింది.

మా ఇండికా డీజిల్ బండి. అక్కడే నాకు వెంటనే వద్దనడానికి నోరు రాలేదు. డీజిల్ ఇంజన్ పీల్చుకునేది ఒట్టి గాలినే, డీజిల్ పడేది ఆఖరున. ముందే అంటుకునే భయం లేదు. పైగా 1998 చివర్లో వచ్చిన ఆ ఇండికాలో 1,405 సీసీ ఇంజన్ 53 గుర్రాల బలంతో ఈడ్చుకొచ్చేది. ఆ తర్వాత అదే ఇంజన్‌కి టాటా వాళ్లే టర్బో తగిలించి అమ్మారు. అంటే మానిఫోల్డు, ఆయిల్ పైపులు తుక్కులో వెతికితే దొరుకుతాయి.

ఆ 53 గుర్రాలతో పాడేరు ఘాటీ ఎక్కినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మా బావ, అంటే వీడి నాన్న, ఇదే బండిలో మమ్మల్ని ఎక్కించుకుని మాడుగుల మీదుగా బయలుదేరాడు. డిక్కీ నిండా సామాను, అందులో పెళ్లివారికి పట్టుకెళ్తున్న అనకాపల్లి బెల్లం దిమ్మలు. గరికబంద దాటేసరికి ఏసీ కట్టేశాడు. రెండో గేరులో మొదలైంది మొదటి గేరుకి వచ్చింది. ప్రతి మలుపు దగ్గరా బావ ఊపిరి బిగబట్టేవాడు, ఆయనతోపాటు మేమూ బిగబట్టేవాళ్లం. అద్దంలో చూస్తే వెనకంతా నల్లటి పొగే. వెనక వస్తున్న జీపువాడు హారన్ కొట్టి కొట్టి, సందు దొరగ్గానే ఈల వేసినట్టు సన్నటి మోతతో మమ్మల్ని దాటి వెళ్లిపోయాడు. వాడిది టర్బో బండి. వంట్లమామిడి దగ్గర రేడియేటర్ చల్లారే దాకా రోడ్డు పక్కన నిలబడ్డాం. "బండిది తప్పు కాదురా, కొండది" అన్నాడు బావ.

నిజంగానే కొండదే. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది. టర్బో లేని ఇంజన్ ప్రతి 300 మీటర్లకీ ఇంచుమించు మూడు శాతం బలం పోగొట్టుకుంటుంది. పాడేరు 900 మీటర్ల ఎత్తు ఉంటుంది, అంటే దాదాపు పదో వంతు పోయినట్టే. డీజిల్ పంపుకి ఆ సంగతి తెలియదు, పోసేది పోస్తూనే ఉంటుంది. కాలడానికి గాలి చాలని డీజిలే ఆ నల్లపొగ. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు తీసుకున్న ఉపాయం ఈ లోటు తీర్చేదే: సైలెన్సర్ దారిన వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రం తిప్పడం, అదే ఇరుసు మీద ఇంకో చక్రంతో గాలిని లోపలికి తొయ్యడం. ఆయన దాన్ని పనిచేయించడానికి ఇరవయ్యేళ్లు పట్టింది.

ఖర్చు దగ్గరికి వస్తే, చవగ్గా చేసేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. అన్నిటికంటే తక్కువకి వచ్చేది టర్బోనే. ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర టీ జాయింటు పెట్టి ఆయిల్ టర్బోకి తేవాలి. తిరిగి రావడానికి ఛాంబర్‌కి కన్నం వేసి గొట్టం వెల్డింగ్ చెయ్యాలి. కుక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి ఇంటర్‌కూలర్ కావాలి. డీజిల్ పెంచకపోతే పొగ తగ్గుతుందే తప్ప బలం పెద్దగా రాదు. డీజిల్ పెంచే పంపు స్క్రూ అతిగా తిప్పితే పిస్టన్ కరుగుతుంది. పెరిగిన బలాన్ని తట్టుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి: హెడ్ గాస్కెట్, క్లచ్, రేడియేటర్, అన్నిటికీ మించి బ్రేకులు. చట్టం సరేసరి: కంపెనీ చెప్పినదానికి భిన్నంగా బండి మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమావాళ్లు ఈ మార్పునే పట్టుకుంటారు.

ఇంకొకటి. రాంబిల్లి సముద్రపు ఒడ్డు. అక్కడ ఇంజన్‌కి గాలి లోటే లేదు. అచ్యుతాపురం రోడ్డు మీద సెజ్ బస్సుల మధ్య, కంటైనర్ లారీల మధ్య 53 గుర్రాలే పూర్తిగా పరిగెత్తవు.

ఇన్ని రాసుకున్నాక వాడికి ఫోన్ చేసి, ఆ టర్బో కొనెయ్యమన్నాను.

బావ స్పేర్ల కోసం కొన్న తుక్కు ఇండికా ఇంజన్ షెడ్డులో చెక్క దిమ్మల మీద కూర్చుని ఉంది. దానికి ఎక్కించమన్నాను. డిప్లొమాలో వీడు టర్బో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాడు, చేత్తో విప్పి బిగించింది మాత్రం ఒక్కటీ లేదు. మన పాలిటెక్నిక్‌ల నుంచి ఏటా బయటికొచ్చే పిల్లల్లో చాలామందిది ఇదే పరిస్థితి, అది నన్ను నిజంగా బాధపెడుతుంది. వీడు ఆ ఇంజన్ పాడుచేసినా దాని మీద ఎవరి ప్రాణమూ ప్రయాణం చెయ్యదు. ముందు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిచి కాగితం మీద రాయమన్నాను. బూస్టు, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, ఐదు పీఎస్ఐ దాటనివ్వొద్దన్నాను. పొగ వేడి చూసే మీటరు లేకుండా డీజిల్ స్క్రూ ముట్టుకోవద్దన్నాను. ఆపే ముందు ఒక నిమిషం ఐడిల్లో వదలమన్నాను. వాళ్ల నాన్న ఎక్కే బండికి మాత్రం, వీడు ఇవన్నీ నేర్చుకున్నాక కూడా, పెట్టనివ్వను. దానికి ఈ నెల బ్రేక్ షూలు మార్చాలి.

నిన్న రాత్రి ఇంకో ఫొటో వచ్చింది. ఆయిల్ తిరిగొచ్చే గొట్టం మధ్యలో పైకి వంగి ఉంది. అక్కడ ఆయిల్ దిగేది దాని బరువుకే, వెనక తోసే ఒత్తిడేమీ ఉండదు. వంపులో నిలిచిపోతే సీలు దాటి సైలెన్సర్‌లోకి పోతుంది, నీలం పొగ వస్తుంది. కోసి, ఇంకా లావు గొట్టం తిన్నగా కిందికి దింపమని రాశాను.